ప్రేమదేవుడూ ప్రభుత్వమూ

లండన్‌లోని పికడిల్లీ సర్కస్ కూడలిలో, ఒంటికాలిపై ముందుకు వంగి అప్పుడే బాణం వదిలినట్టు నిలుచున్న రెక్కల యువకుడి విగ్రహం ఒకటి ఉంది. 1893లో ఆవిష్కరించారు. ఫ్యాక్టరీలలో పిల్లల పనిగంటలను తగ్గించే చట్టాల కోసం దశాబ్దాల పాటు పార్లమెంటులో పోరాడిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు స్మారకమది. అల్యూమినియంతో పోతపోసిన ఆ విగ్రహాన్ని లోకమంతా ఎరోస్ అంటుంది. అంటే గ్రీకుల ప్రేమదేవుడు, రోమన్ల క్యూపిడ్. దిగంబర విగ్రహం ఒక ధర్మాత్ముడి స్మారకానికి తగదని ఆనాడు కొందరు గొణిగారు. దాన్ని క్రైస్తవ కరుణకు ప్రతీకయైన దేవదూతగా చెప్పి సర్దుకోవాలనీ చూశారు. కాని శిల్పి ఆల్ఫ్రెడ్ గిల్బర్ట్ మనసులో ఉన్నది ఎరోసూ కాదు, దేవదూతా కాదు. అతడు చెక్కింది ఎరోస్ సోదరుడైన యాంటెరోస్‌ను. యాంటెరోస్ అంటే ప్రతిప్రేమ. ప్రేమించినవారికి తిరిగి ప్రేమ దక్కేలా చూసే దేవుడు, తిరస్కరించినవారిని దండించే దేవుడు కూడా.

ఈ యాంటెరోస్‌కు ప్రాచీన ఏథెన్స్ నగరంలో ఒక బలిపీఠం ఉండేది. క్రీ.శ. రెండవ శతాబ్దంలో గ్రీసు దేశమంతా తిరిగి గుళ్ళూ గోపురాలూ వర్ణించిన యాత్రికుడు పౌసానియాస్ దాన్ని చూశాడు, దాని వెనుక కథనూ విన్నాడు. ఆ పీఠాన్ని ప్రతిష్ఠించింది ఏథెన్స్ పౌరులు కారు. ఆ నగరంలో కాపురముంటూ పౌరసత్వం లేని పరదేశులు. వారిని మెటిక్కులనేవారు. తిమగోరస్ అనే మెటిక్కు, మెలెస్ అనే ఏథెన్స్ యువకుణ్ణి ప్రేమించాడు. పౌరుడైన మెలెస్ అతణ్ణి హేళన చేస్తూ, అంత ప్రేమే ఉంటే ఆ కొండశిఖరం ఎక్కి దూకమన్నాడు. తిమగోరస్ ఎక్కాడు, దూకాడు. శవాన్ని చూసిన మెలెస్ పశ్చాత్తాపంతో కుమిలి తానూ అదే శిఖరం మీది నుంచి దూకి చనిపోయాడు. నాటి నుంచి మెటిక్కులు తిమగోరస్ ఆత్మను, పగతీర్చుకున్న దేవతగా, యాంటెరోస్ అనే పేరుతో కొలిచారు.

ఇది జరిగిన సంఘటనో కల్పితమో తేల్చేందుకు ఆధారాలు లేవు. దాని అవసరమూ అంతగా లేదు. ఒక నగరంలోని రెండవ తరగతి నివాసులు తమకంటూ ఒక ప్రేమదేవుణ్ణి నిలుపుకున్నారన్నదే ఇందులో ప్రధానమైన విషయం. పౌరుల ఎరోస్ వారికి సరిపోలేదు.

మెటిక్కు స్థితి ఎటువంటిదో తెలిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. ఏథెన్స్‌లో తరాల తరబడి బతికినా మెటిక్కు సంతానం మెటిక్కులుగానే మిగిలేది. పురుషుడు ఏటా 12 ద్రాఖ్మాలు, స్వతంత్రంగా బతికే స్త్రీ 6 ద్రాఖ్మాలు తలపన్ను చెల్లించాలి. యుద్ధం వస్తే ఆయుధం పట్టాలి. ఎవరైనా పౌరుడు పూచీదారుగా ఉండాలి. భూమి గాని, ఇల్లు గాని సొంతం చేసుకునే హక్కు లేదు. సభలో ఓటు లేదు. నగరపు వర్తకమూ చేతివృత్తులూ చాలావరకు వారి భుజాల మీదే నడిచేవి. ప్లేటో శిష్యుడు, రాజనీతి శాస్త్రానికి ఆద్యుడనదగిన అరిస్టాటిల్ కూడా ఏథెన్స్‌లో మెటిక్కే. పౌరుడంటే ఎవరో నిర్వచించినవాడికి పౌరసత్వం లేదు.

క్రీ.పూ. 451లో పెరిక్లీస్ ఒక చట్టం తెచ్చాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్‌వారైతేనే బిడ్డ పౌరుడు. అంతకు ముందు తండ్రి పౌరుడైతే చాలేది. ఎందరో ప్రముఖుల తల్లులు పరదేశ స్త్రీలే. కొన్నేళ్ళకు ఈజిప్టు రాజొకరు ఏథెన్స్ ప్రజలకు ధాన్యం కానుకగా పంపాడు. పంపిణీ చేయాలంటే పౌరులెవరో తేలాలి. జాబితాలు తిరగేశారు. దాదాపు 5,000 మంది దొంగ పౌరులుగా తేలి బానిసలుగా అమ్ముడయ్యారనీ, 14,040 మంది పౌరులుగా నిలిచారనీ ప్లూటార్క్ రాశాడు. ఆ అంకెల కచ్చితత్వం మీద చరిత్రకారులకు అనుమానాలున్నాయి గాని, రేషను కోసం మొదలైన లెక్క పౌరసత్వపు లెక్కగా మారిన వైనం మీద లేవు. 2019 ఆగస్టు 31న అసోం పౌర పట్టిక తుది జాబితా వెలువడినప్పుడు 19 లక్షల మందికి పైగా పేర్లు అందులో కనబడలేదన్న సంగతి గుర్తున్న పాఠకులకు ఈ తతంగం మరీ పరాయిదిగా తోచదు.

ఆ చట్టం చివరకు దాన్ని తెచ్చినవాడి గుమ్మం ముందుకే వచ్చింది. పెరిక్లీస్ తన భార్య నుంచి విడిపోయి, మిలేటస్ నుంచి వచ్చిన అస్పాసియాతో జీవించాడు. ఆమె పరదేశి. వారికి పుట్టిన కొడుకు, తండ్రి చేసిన చట్టం ప్రకారమే, పౌరుడు కాడు. హాస్యనాటక కర్తలు అస్పాసియాను వేదిక మీద నానా మాటలన్నారు. తరువాత ఏథెన్స్‌ను మహమ్మారి కమ్ముకుంది. పెరిక్లీస్‌కు ధర్మపత్ని వల్ల కలిగిన ఇద్దరు కొడుకులూ అందులో పోయారు. వంశం నిలవదన్న దుఃఖంతో ఆ మహానాయకుడు సభ ముందు నిలబడి, అస్పాసియా కొడుకుకు తన చట్టం నుంచి మినహాయింపు కోరాడు. ప్రజలు జాలిపడి అంగీకరించారు. ఆ కొడుకు పేరూ పెరిక్లీసే. పెద్దవాడై సేనానిగా ఎన్నికయ్యాడు. క్రీ.పూ. 406లో ఆర్గినూసే నౌకాయుద్ధంలో గెలిచి వచ్చిన తరువాత, తుఫానులో కొట్టుకుపోతున్న నావికులను కాపాడలేదన్న అభియోగంతో సహ సేనానులతో పాటు అతడికీ అదే ప్రజాసభ మరణశిక్ష వేసింది.

నాలుగవ శతాబ్దం నాటికి చట్టం ఇంకా బిగిసింది. పౌరులకూ పరదేశులకూ దాంపత్యం ఏకంగా నేరమైంది. పరదేశి పురుషుడు ఏథెన్స్ స్త్రీతో భార్యాభర్తలుగా కాపురం చేస్తే అతణ్ణి బానిసగా అమ్మేయాలి, ఆస్తి జప్తు చేయాలి. ఆ సొమ్ములో మూడవ వంతు, ఫిర్యాదు చేసి నేరం రుజువు చేసినవాడిది. పరదేశి స్త్రీకీ అదే శిక్ష. ఆమెతో కాపురం చేసిన పౌరుడికి 1,000 ద్రాఖ్మాల జరిమానా. క్రీ.పూ. 340 ప్రాంతంలో నెయైరా అనే స్త్రీపై ఈ చట్టం కింద వేసిన దావాలో, అపొల్లోడోరస్ చేసిన వాదన పూర్తి పాఠం నేటికీ మిగిలి ఉంది. ఆమె బాల్యంలో బానిసగా అమ్ముడై వేశ్యావృత్తిలో పెరిగింది, తరువాత స్వేచ్ఛ కొనుక్కుంది, స్టెఫానస్ అనే పౌరుడి ఇంట ఏళ్ళ తరబడి కాపురముంది. అపొల్లోడోరస్‌కు నెయైరాతో పేచీ లేదు. పేచీ స్టెఫానస్‌తో, అదీ పాత రాజకీయ కక్ష. ఆ సంగతిని వాదనలోనే దాచకుండా చెప్పుకున్నారు. కక్ష తీర్చుకునేందుకు చేతికందిన కర్ర, ఒక స్త్రీ పడకగది.

ఫిర్యాదు ఎవరు చేయవచ్చు అన్న ప్రశ్నలోనే ఇటువంటి చట్టాల ప్రాణమంతా ఉంటుంది. భారతదేశంలో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం, వేర్వేరు మతాలవారు పెళ్ళాడాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి దాన్ని అందరికీ కనబడేలా ప్రదర్శించాలంటుంది. ఆ గడువులో ఆక్షేపణ ఎవరైనా చెప్పవచ్చు. ఉత్తరప్రదేశ్ మతమార్పిడి నిషేధ చట్టంలో మొదట బాధితులకూ వారి బంధువులకూ ఉన్న ఫిర్యాదు హక్కును 2024 సవరణ ఎవరికైనా ఇచ్చింది. ఏథెన్స్ చట్టం మూడవ వంతు సొమ్ము కూడా ఇచ్చేది. అంతవరకు తేడా.

ఇదే ఏథెన్స్ తన ప్రజాస్వామ్యానికి పునాదిగా చెప్పుకున్నదీ ఒక ప్రేమకథే. క్రీ.పూ. 514లో, ఎథీనా దేవి ఉత్సవం నాడు, హర్మోడియస్, అరిస్టోగెయిటన్ అనే ఇద్దరు ప్రేమికులు హిప్పార్కస్‌ను పొడిచి చంపారు. హిప్పార్కస్ అన్న హిప్పియాస్ అప్పుడు నగరపు నియంత. హర్మోడియస్ అక్కడికక్కడే హతుడయ్యాడు, అరిస్టోగెయిటన్ పట్టుబడి చిత్రహింసలతో మరణించాడు. తరువాత నగరం ఆ ఇద్దరినీ నియంతృత్వాన్ని కూల్చిన వీరులని కీర్తించింది. నడివీధిలో కాంస్య విగ్రహాలు నిలిపింది. వారి వంశస్థులకు ప్రభుత్వ భోజనశాలలో ఉచిత భోజనం ఏర్పాటు చేసింది. క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జెర్‌క్సీస్ ఏథెన్స్‌ను దోచినప్పుడు ఆ విగ్రహాలను ఎత్తుకుపోయాడు. నగరం మూడేళ్ళు తిరగకుండానే కొత్తవి చేయించుకుంది. ఆ ప్రతిమలు వారికి అంత అవసరమయ్యాయి.

చరిత్రకారుడు థుసిడిడీస్ మాత్రం ఈ పురాణానికి లొంగలేదు. చనిపోయినవాడు నియంత కాడు, నియంత తమ్ముడు. హత్యకు కారణం స్వేచ్ఛ కాదు. హర్మోడియస్‌ను హిప్పార్కస్ కోరుకున్నాడు, తిరస్కారం ఎదురైంది, కసితో హర్మోడియస్ చెల్లెలిని ఉత్సవ ఊరేగింపులో బుట్ట మోసే గౌరవానికి పిలిచి, తగదని వెనక్కి పంపి అవమానించాడు. ఆ హత్య తరువాత హిప్పియాస్ పాలన మెత్తబడలేదు సరికదా మరింత క్రూరమై నాలుగేళ్ళు సాగింది. చివరికి క్రీ.పూ. 510లో అతణ్ణి వెళ్ళగొట్టింది ప్రధానంగా స్పార్టా సైన్యం. శత్రునగరం సాయంతో స్వేచ్ఛ వచ్చిందని చెప్పుకోవడం కంటే ఇద్దరు ప్రేమికులు తెచ్చారని చెప్పుకోవడం ఏథెన్స్‌కు గౌరవంగా తోచి ఉంటుంది. జాతీయ పురాణాలు చాలాచోట్ల ఇలాగే తయారవుతాయి.

ఇందులో మరో విచిత్రం. ఏథెన్స్‌లో ఎరోస్‌కు తొలి పీఠం ప్రతిష్ఠించినవాడు చార్మస్. అకాడమీ ఉద్యానవనపు ముఖద్వారం వద్ద దానిపై శాసనం కూడా ఉండేదని పౌసానియాస్ చెబుతాడు. ఈ చార్మస్ ఎవరో కాదు, ఆ నియంతల కుటుంబానికి అత్యంత సన్నిహితుడు. నియంతలూ వారిని చంపినవారూ ఒకే దేవుడి భక్తులన్నమాట. ప్లేటో ఈ రెండు ముఖాలనూ పట్టుకున్నాడు. అతడి ‘సింపోజియం’లో ఒక వక్త, ప్రజల మధ్య గాఢమైన ప్రేమానుబంధాలుంటే నిరంకుశులకు ప్రమాదమనీ, అందుకే వారు ప్రేమను నీచమని ప్రచారం చేస్తారనీ, హర్మోడియస్ జంటను ఉదాహరణగా చూపి వాదిస్తాడు. అదే ప్లేటో ‘రిపబ్లిక్’ తొమ్మిదవ భాగంలో, నియంత ఆత్మలో సింహాసనమెక్కి కూర్చున్న అసలు నియంత ఎరోసేనంటాడు. థుసిడిడీస్ కూడా, క్రీ.పూ. 415లో ఏథెన్స్ జనం సిసిలీ దండయాత్రకు ఉరకలెత్తిన తీరును వర్ణించేటప్పుడు వాడిన మాట ఎరోస్‌కు చెందినదే. ఒక నగరం మొత్తానికి మోహం పట్టింది. ఆ నౌకాదళం తిరిగి రాలేదు. ఆ దండయాత్రకు ఉసిగొల్పిన ఆల్సిబయాడీస్ తన బంగారు డాలు మీద కులచిహ్నాలకు బదులు పిడుగు చేతబట్టిన ఎరోస్ బొమ్మ వేయించుకున్నాడని ప్లూటార్క్ చెబుతాడు.

పిడుగు పట్టే స్థాయి ఉన్న దేవుడే అతడు. క్రీ.పూ. 700 ప్రాంతపు కవి హెసియడ్ సృష్టిక్రమంలో తొలుత శూన్యం, తరువాత భూమి, పాతాళం, ఆ వెంటనే ఎరోస్. తల్లీ తండ్రీ లేరు. దేవతల కన్నా ముందువాడు. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం కూడా సృష్టి ఆరంభంలో కామమే మొలకెత్తిందంటుంది. తరువాతి శతాబ్దాలలో ఎరోస్ అఫ్రొడైటీ దేవి కొడుకయ్యాడు, తరువాత అల్లరి కుర్రవాడయ్యాడు, రోమన్ల కాలానికి బొద్దు బుగ్గల పసివాడయ్యాడు. ఆ పసి రూపమే వాణిజ్య మార్గాల వెంట తూర్పుకు నడిచి, గాంధార స్తూపాల మీద పొడవాటి పూలదండ మోసే బాలుర వరుసగా నిలిచింది. మన మన్మథుడు మాత్రం చిన్నవాడు కాలేదు. చెరకువిల్లు పట్టిన నవయువకుడు, గృహస్థు, రతి భర్త. అతడికి పట్టిన గతి వేరు. తారకుణ్ణి చంపే సేనాని దేవతలకు కావలసివచ్చింది. ఆ సేనాని పుట్టాలంటే శివుడి తపస్సు చెదరాలి. ఇంద్రుడు ఆ పనికి మన్మథుణ్ణి పంపాడు. పని జరిగింది, పనివాడు బూడిదయ్యాడు.

క్యూపిడ్‌కూ రోములో ఇటువంటి రాచకార్యమే అప్పగించారు. జూలియస్ సీజర్ వంశం తమ మూలపురుషుడు ట్రాయ్ వీరుడు ఈనియాస్ అనీ, అతడి తల్లి వీనస్ దేవి అనీ చెప్పుకునేది. ఆ లెక్కన వీనస్ కొడుకైన క్యూపిడ్, సీజర్లకు పూర్వీకుడి తమ్ముడు. వర్జిల్ తన మహాకావ్యం ‘ఈనియడ్’ తొలి సర్గలో ఈ బంధుత్వాన్ని రాజకీయంగా వాడుకున్నాడు. తుఫానుకు చెదిరిన ఈనియాస్ కార్తేజి తీరం చేరాడు. అక్కడి రాణి డిడో మనసు మారితే తన కొడుకు బృందానికి ముప్పని వీనస్ భయం. క్యూపిడ్‌ను ఈనియాస్ కొడుకు రూపంలో పంపుతుంది. ఆ పసివాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకున్న డిడో, ఏం జరుగుతోందో తెలియకుండానే, చనిపోయిన భర్తను మరచి అతిథిని ప్రేమిస్తుంది. రోము స్థాపన అనే దైవకార్యం గుర్తుచేయగానే ఈనియాస్ ఓడెక్కుతాడు. డిడో కత్తి మీద పడి చనిపోతుంది. పొరుగు రాజ్యపు రాణి ప్రాణం ఆ విధంగా రోము రాజ్యతంత్రంలో ఒక ఖర్చు పద్దు. వర్జిల్ ఆమె పట్ల చూపిన జాలి మాత్రం నిజమైనదే. ఈనియాస్ కంటే ఆమెనే పాఠకులు ఎక్కువగా గుర్తుంచుకోవడానికి అదే కారణం.

రోము నగరం వెలుపల ప్రీమా పోర్టా అనే చోట, చక్రవర్తి అగస్టస్ భార్య లివియా భవన శిథిలాలలో 1863లో ఒక పాలరాతి విగ్రహం బయటపడింది. కవచధారి అగస్టస్ సైన్యాన్ని ఉద్దేశించి చేయి చాచి నిలిచి ఉంటాడు. అతడి కుడికాలి పక్కన, డాల్ఫిన్ వీపెక్కిన చిట్టి క్యూపిడ్. వంశవృక్షం అంతా ఆ మోకాలి ఎత్తు బొమ్మలో ఉంది. ఆ కుటుంబంలో ఆ బొమ్మకు మరో చోటు కూడా ఉండేది. అగస్టస్ మనుమరాలి కొడుకు ఒకడు ముద్దులొలికే వయసులో చనిపోయాడు. లివియా ఆ పసివాణ్ణి క్యూపిడ్ రూపంలో చెక్కించి వీనస్ గుడిలో ప్రతిష్ఠించింది. అటువంటి ప్రతిమనే అగస్టస్ తన పడకగదిలో ఉంచుకుని, లోపలికి వచ్చినప్పుడల్లా ముద్దుపెట్టుకునేవాడని చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు.

ఇంతటి ప్రేమదేవుడి బంధువు, ప్రేమ మీద విస్తృతమైన చట్టాలు చేసినవాడు కూడా. క్రీ.పూ. 18లో మొదలైన జూలియన్ చట్టాల ప్రకారం నిర్ణీత వయసులో ఉన్న స్త్రీ పురుషులు పెళ్ళి చేసుకోవాలి, పిల్లలను కనాలి. కనకపోతే వారసత్వపు సొమ్ము చేతికందదు. సెనేటర్లూ వారి సంతతీ బానిసత్వం నుంచి విడుదలైనవారిని పెళ్ళాడరాదు. వ్యభిచారం అంతవరకు ఇంటి పెద్దల పంచాయితీ. ఇకమీదట రాజ్యం విచారించే నేరం. భార్య తప్పు తెలిసిన భర్త ఆమెకు విడాకులిచ్చి 60 రోజుల్లోగా అభియోగం మోపాలి. మోపకపోతే ఆ తరువాత నాలుగు నెలల పాటు బయటివారెవరైనా మోపవచ్చు. తెలిసీ ఆమెను ఇంట్లో ఉంచుకున్న భర్త తార్పుడు నేరానికి పాల్పడినట్టే లెక్క. రుజువైతే ఇద్దరినీ వేర్వేరు దీవులకు వెళ్ళగొడతారు, ఆస్తిలో భాగం జప్తు చేస్తారు. క్రీ.శ. 9లో ఈ చట్టాలకు సవరణ తెచ్చిన పాపియస్, పొప్పేయస్ అనే కాన్సల్‌లిద్దరికీ అప్పటికి పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. చరిత్రకారుడు డియో ఆ సంగతిని పనిగట్టుకుని నమోదు చేశాడు.

ఓవిడ్ కవి ఈ వైరుధ్యాన్ని చూసి నవ్వాడు. యౌవనంలో రాసిన ‘అమోరెస్’ కావ్యంలో అతడు క్యూపిడ్‌కు ఒక విజయోత్సవ ఊరేగింపు కట్టాడు. రోము సేనాని శత్రువును జయించి వచ్చినప్పుడు రథమెక్కి, బందీలను సంకెళ్ళతో నడిపిస్తూ నగరవీధుల్లో ఊరేగడం ఆచారం. క్రీ.పూ. 19 తరువాత ఆ గౌరవం చక్రవర్తి కుటుంబానికే పరిమితమైంది. ఓవిడ్ ఆ రథం మీద క్యూపిడ్‌ను నిలబెట్టాడు; సంకెళ్ళలో వివేకం, సిగ్గు, వాటితో పాటు కవి. చివరలో క్యూపిడ్‌తో, నీ బంధువైన సీజర్‌ను చూసి గెలిచినవారిని ఎలా కాపాడాలో నేర్చుకోమంటాడు. స్తోత్రమో వెక్కిరింతో ఎవరూ రుజువు చేయలేని వాక్యమది. తరువాత ‘ఆర్స్ అమటోరియా’లో, అగస్టస్ కుటుంబం కట్టించిన మండపాలను, దేవాలయాలను ప్రేయసీ ప్రియుల సంకేత స్థలాలుగా వరుసపెట్టి చూపాడు.

అదే కాలంలో చట్టం చక్రవర్తి ఇంట్లోకి వచ్చింది. క్రీ.పూ. 2లో అగస్టస్ ఏకైక సంతానం జూలియాపై వ్యభిచార ఆరోపణలు బయటపడ్డాయి. తండ్రి ఆ వివరాలను లేఖ రూపంలో సెనేటుకు చదివించి, ఆమెను పాండటేరియా అనే దీవికి పంపాడు. అక్కడ ఆమెకు ద్రాక్షసారా నిషిద్ధం. అనుమతి లేకుండా మగవాడెవడూ ఆ దీవిలో అడుగుపెట్టరాదు. ఆమె ప్రియులలో ఒకడు మార్క్ ఆంటొనీ కొడుకన్న సంగతిని బట్టి, ఇది శృంగారమో కుట్రో అని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు. క్రీ.శ. 8లో మనుమరాలు, ఆమె పేరూ జూలియాయే, అదే ఆరోపణపై అదే దారి పట్టింది. ఆ ఏడాదే ఓవిడ్‌నూ నల్లసముద్ర తీరాన, నేటి రుమేనియాలోని టోమిస్‌కు పంపేశారు. విచారణ లేదు, సెనేటు తీర్మానం లేదు. చక్రవర్తి ఆజ్ఞ ఒక్కటే. తన నేరాలు రెండేనని, ఒకటి కావ్యమనీ రెండవది పొరపాటనీ కవి చెప్పుకున్నాడు. పొరపాటేమిటో ఎప్పుడూ చెప్పలేదు. అతడి ప్రేమ పాఠాలు ప్రభుత్వ గ్రంథాలయాల గడప దాటలేకపోయాయి. దాదాపు పదేళ్ళు క్షమాభిక్ష లేఖలు రాసి అక్కడే చనిపోయాడు. 2017 డిసెంబరులో రోము నగర పాలక మండలి ఆ బహిష్కరణను రద్దు చేస్తూ తీర్మానించింది.

పికడిల్లీ విగ్రహాన్ని నిలిపిన సమాజానికీ ఈ ద్వంద్వం కొత్త కాదు. విగ్రహావిష్కరణ జరిగిన రెండేళ్ళకు, 1895లో, అదే లండన్‌లో ఆస్కార్ వైల్డ్ పురుషులతో సంబంధాల నేరానికి రెండేళ్ళ కఠిన శిక్ష అనుభవించడానికి జైలుకు వెళ్ళాడు. భారత శిక్షాస్మృతి ముసాయిదాకు సారథ్యం వహించిన మెకాలే గ్రీకు సాహిత్యాన్ని మూలంలో చదివి మైమరచిన పండితుడు. ఆ స్మృతి 1860లో చట్టమైనప్పుడు 377వ సెక్షనుతో వచ్చింది. హర్మోడియస్, అరిస్టోగెయిటన్‌ల కథను తరగతి గదిలో వీరగాథగా చదువుకున్న తరమే అది. సుప్రీంకోర్టు ఆ సెక్షనును పరస్పర సమ్మతి గల వయోజనులకు వర్తించకుండా చేసేసరికి 2018 సెప్టెంబరు 6 వచ్చింది.

ఎరోస్‌ను అన్ని దేవుళ్ళ కన్నా మిన్నగా కొలిచిన ఊరు ఏథెన్సూ కాదు, రోమూ కాదు. గ్రీసు నడుమ బియోషియా ప్రాంతంలోని థెస్పియే అనే చిన్న నగరం. అక్కడి అతిప్రాచీన విగ్రహం చెక్కని ఒక రాయి. క్రీ.పూ. 480లో థెర్మొపిలే కనుమలో స్పార్టా రాజు లియోనిడాస్ పక్కన చివరిదాకా నిలిచి చనిపోయినవారిలో ఈ ఊరివారు 700 మంది. సినిమాలు 300 మంది స్పార్టన్లనే గుర్తుంచుకున్నాయి. నాలుగవ శతాబ్దంలో ఫ్రైనీ అనే వేశ్య, శిల్పి ప్రాక్సిటెలీస్ నుంచి ఉపాయంగా రాబట్టిన ఎరోస్ పాలరాతి విగ్రహాన్ని ఇక్కడ సమర్పించింది. ఆ శిల్పిని అతడి శిల్పాలలో ఏది మేలైనదని అడిగితే చెప్పలేదట. ఒకనాడు శిల్పశాల తగలబడిందని కబురు పంపిస్తే, సాటిర్ విగ్రహమూ ఎరోస్ విగ్రహమూ పోతే తనకిక మిగిలేదేమీ లేదని పరుగెత్తాడు. ఆమెకు జవాబు దొరికింది. థెస్పియేలో అది తప్ప చూడదగిందేదీ లేదని సిసిరో రాశాడు. గ్రీసును కొల్లగొట్టిన రోము సేనాని మమ్మియస్ కూడా దేవుడికి అర్పించినదని దాన్ని ముట్టలేదు. కాలిగులా చక్రవర్తి మాత్రం రోముకు తరలించాడు. క్లాడియస్ తిరిగి పంపాడు. నీరో మళ్ళీ తెప్పించాడు. రోములోనే అది మంటల్లో కాలిపోయింది. పౌసానియాస్ వెళ్ళేసరికి గుడిలో నకలు ఒకటి ఉంది. మొరటు రాయి ఎప్పటిలాగే ఉంది, దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు.

క్రీ.శ. మొదటి శతాబ్దంలో, అంటే గ్రీసు రోము పాలనలో ఉన్న కాలంలో, ప్లూటార్క్ కొత్త పెళ్ళికూతురిని వెంటబెట్టుకుని ఈ ఊరికి వచ్చాడు. ఇరువైపుల పెద్దల మధ్య మనస్పర్థలు వచ్చాయి. ఎరోస్‌కు బలి అర్పిస్తే సర్దుకుంటాయని నమ్మకం. ఎరోస్ ఉత్సవాలు జరుగుతున్న ఆ రోజుల్లో ఊరంతా ఒక పెళ్ళి మీద రెండుగా చీలి ఉంది. ఇస్మెనొడోరా అనే ధనిక వితంతువు, తనకన్నా చిన్నవాడైన బాకన్‌ను పెళ్ళాడదలచింది. అంతటి ఇంటితో వియ్యం తమకు సరితూగదని కుర్రవాడి తల్లికి సంకోచం. అతడి మీద హక్కు తనదేనని భావించే పీసియాస్ అనే పెద్దమనిషికి ఆగ్రహం. ఆడది పెళ్ళి ప్రతిపాదించడమేమిటని అతడి వాదన. ప్లూటార్క్ బృందం ఇందులోని మంచిచెడ్డలు చర్చిస్తూ ఉండగానే కబురు వచ్చింది: కసరత్తుశాల నుంచి తిరిగివస్తున్న బాకన్‌ను ఇస్మెనొడోరా మిత్రులు ఆమె ఇంట్లోకి లాక్కెళ్ళి పెళ్ళిబట్టలు తొడిగారు, గుమ్మానికి ఆలివ్, లారెల్ తోరణాలు కట్టేశారు. ఊరు నాటకాలు వదిలి ఆ గుమ్మం ముందు చేరింది. కొందరు నవ్వుతున్నారు, కొందరు చట్టం ఏమైందని అరుస్తున్నారు.

ఆ చర్చను ప్లూటార్క్ ‘ఎరోటికోస్’ పేరుతో, కొడుకు నోట చెప్పించాడు. మెట్టినింటి స్త్రీని ప్రేమకు అర్హురాలిగా, స్నేహితురాలిగా నిలబెట్టి గ్రీకు భాషలో జరిగిన వాదనలలో అది ముఖ్యమైనది. చివర్లో మరో దూత ఎదురువస్తాడు, త్వరగా రండని. బలికి అంతా సిద్ధం. అందరికన్నా ముందు తెల్లటి ఉత్తరీయం కప్పుకుని, తలకు పూలదండ చుట్టుకుని, సంత మధ్య నుంచి ఎరోస్ గుడివైపు ఊరేగింపును నడిపించబోతున్నది పీసియాస్.